తిరుపతిలో ఒక్క పూట యాత్ర: లగేజీ ఎక్కడ పెడితే నయం?

పొద్దున రైలు దిగి రాత్రి రైలుకే తిరిగి వెళ్లేవాళ్లు తిరుపతిలో రూము కోసం తంటాలు పడక్కర్లేదు. స్నానానికి చోటు, పెట్టెలు పెట్టుకోవడానికి చోటు దొరికితే చాలు. పెట్టెలకి చోట్లకేమీ కొదవ లేదు. స్టేషన్లో క్లోక్ రూమ్ ఉంది, స్టేషన్ ఎదురుగా టీటీడీ వారి విష్ణు నివాసం ఉంది, అలిపిరిలో లగేజీ కౌంటర్ ఉంది, కొండమీద ఉచిత లాకర్లున్నాయి. ఇన్ని ఉండటంతోనే చిక్కొస్తుంది. సామాను ఒకచోట, మనం ఇంకోచోట, రైలు మరోచోట అయిపోతాయి. సాయంత్రం ఎటునుంచి వచ్చి ఏ స్టేషన్లో రైలెక్కుతారో ముందే తేల్చుకుంటే, పొద్దున సామాను ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలిపోతుంది.

స్టేషన్ క్లోక్ రూమ్, కొండెక్కకుండా కింది గుళ్లే చూసేవాళ్లకి అన్నిటికన్నా అనువైనది. స్టేషన్ పునర్నిర్మాణ పనులు మొదలైనప్పటి నుంచి కౌంటర్లు అటూ ఇటూ మారుతున్నాయి కాబట్టి, పాత వీడియోలు చూసి వెతుక్కోకుండా దిగగానే ఎంక్వయిరీలో అడగండి. అక్కడ ముందుగా అడిగేది టికెట్. వచ్చిన టికెట్ అయినా, వెళ్లబోయే టికెట్ అయినా సరే, పీఎన్ఆర్ రాసుకుంటారు. జనరల్ టికెట్ కూడా చెల్లుతుంది. ప్లాట్‌ఫామ్ టికెట్ మాత్రం పనికిరాదు. బస్సులో వచ్చి బస్సులోనే వెళ్లేవాళ్లకి కాబట్టి ఈ దారి లేనట్టే. టికెట్‌తోపాటు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. సామాను స్కానర్‌లో వేసి, చీటీ రాసిస్తారు.

ఎక్కువమంది వెనక్కి తిరగాల్సి వచ్చేది తాళం దగ్గర. ప్రతి సంచికీ తాళం ఉండి తీరాలి, ఇది రైల్వే నిబంధన. సూట్‌కేసులకి ఇబ్బంది లేదు, వీపు సంచులతోనే తంటా. రెండు జిప్ పుల్లర్లు ఉన్న సంచి అయితే రెండిటినీ కలిపి చిన్న తాళం వేయొచ్చు. ఒకే పుల్లర్ ఉంటే తాళం పట్టే చోటే ఉండదు. అలాంటి సంచిని ముందే పెద్ద సంచిలో కుక్కేయండి, లేదా మీతోనే తిప్పుకోండి. అట్టపెట్టెలు, తాడుతో కట్టిన మూటలు, చీరల షాపు కవర్లు తీసుకోకపోవచ్చు. స్టేషన్ బయట, ప్లాట్‌ఫామ్ మీద తాళాలూ గొలుసులూ అమ్ముతారు గానీ, ఇంటినుంచే రెండు చిన్న తాళాలు వేసుకొస్తే క్యూలో నిలబడ్డాక పరుగులు తప్పుతాయి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: జిప్ పళ్ల మధ్య పెన్ను మొనతో పొడిస్తే తాళం అలాగే ఉండగా సంచి తెరుచుకుంటుంది. కాబట్టి డబ్బు, నగలు, లాప్‌టాప్, మందులు అందులో వదలొద్దు. బయటి జేబుల్లో పవర్ బ్యాంకులూ ఛార్జర్లూ అసలే ఉంచొద్దు.

తినే వస్తువులు కూడా క్లోక్ రూమ్‌లో పెట్టకూడదు. కారణం ఎలుకలు. పులిహోర పొట్లమో, కొండమీద కొన్న లడ్డూ కవరో సంచిలో ఉండిపోతే, సాయంత్రానికి సంచికే చిల్లు పడొచ్చు. పొద్దున కొండెక్కి మధ్యాహ్నం లడ్డూలతో దిగి, ఇంకా తిరుచానూరు చూడాలనుకునేవాళ్లు లడ్డూలని చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఛార్జీ ఒక్కో శాల్తీకి, 24 గంటల లెక్కన. 2018 నుంచి ఈ రేట్లు పెంచే అధికారం డివిజన్ స్థాయిలో డీఆర్‌ఎంలకి (డివిజనల్ రైల్వే మేనేజర్లకి) ఇచ్చారు, అందుకే ఒక స్టేషన్‌కీ ఇంకో స్టేషన్‌కీ తేడా కనిపిస్తుంది. బోర్డు చూసి ఇవ్వండి, చిల్లర దగ్గర పెట్టుకోండి. 24 గంటల లెక్క మీరు ఇచ్చిన గంట నుంచి మొదలవుతుంది, అర్ధరాత్రి నుంచి కాదు. దర్శనం ఆలస్యమై మర్నాడు పొద్దున తీసుకుంటే రెండో రోజు కూడా పడుతుంది. అది పెద్ద ఖర్చేమీ కాదు. చీటీ పోతేనే అసలు గండం. నష్టపరిహార బాండు రాసివ్వాలి, సంచిలో ఏమున్నాయో చెప్పి మనదేనని నమ్మించాలి, ఈలోగా రైలు కూత వేస్తుంది. చీటీ చేతికి రాగానే ఫోటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపించండి. కాగితాన్ని మాత్రం టికెట్‌తోపాటు పెట్టకండి. రెండూ ఒకే పర్సులో ఉంటే, పోతే రెండూ పోతాయి.

పొద్దున రాత్రి రైళ్లన్నీ వరసగా వచ్చే వేళకి కౌంటర్ దగ్గర రద్దీగా ఉంటుంది. ముందు స్నానం ముగించి, గుడికి కట్టుకునే బట్టలు, ఆధార్, దర్శనం టికెట్ ప్రింటు చిన్న సంచిలోకి తీసుకున్నాకే సామాను అప్పగించండి. అప్పగించాక పంచె లోపలే ఉండిపోయిందని మళ్లీ సంచి అడిగితే కౌంటర్ గుమాస్తా మొహం చూడాలి. నలుగురైదుగురున్న కుటుంబమైతే రైల్వేవాళ్లు స్టేషన్లోనే అద్దెకిచ్చే రిటైరింగ్ రూమ్ మేలు. కన్‌ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకుంటే స్నానమూ సామానూ ఒకేచోట తేలిపోతాయి. పండుగలకీ శనివారాలకీ దొరకడం కష్టం.

విష్ణు నివాసంలో టీటీడీ లాకర్లు ఉంటాయి, ఆధార్ చూపించాలి. రైలు టికెట్ గొడవ లేదు, కాబట్టి బస్సు ప్రయాణికులకి ఇదీ, బస్టాండ్ దగ్గరి శ్రీనివాసమూ పనికొస్తాయి. రద్దీ రోజుల్లో లాకర్ ఖాళీ కోసం కాచుకోవాలి. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలవాళ్లు కూడా సామాను ఉంచుకుంటారు. వాటితో ఇబ్బందల్లా రాత్రి షట్టర్ ఎన్నింటికి దించుతారన్నదే. కాగితం మీద రాసివ్వమంటే నసిగే చోట పెట్టొద్దు.

సామాను స్టేషన్లో పెట్టి కింది గుళ్లే చూస్తే రోజు హాయిగా సరిపోతుంది. గోవిందరాజ స్వామి గుడి స్టేషన్ నుంచి నడక దూరం. కపిలతీర్థం మూడు కిలోమీటర్లు, అలిపిరి దారిలోనే. వానాకాలంలో జలపాతం దూకుతుంటే అక్కడే గంట గడిచిపోతుంది, ఎండాకాలంలో పావుగంట చాలు. తిరుచానూరు అయిదు కిలోమీటర్లు. శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట ఒకే దిక్కున ఉంటాయి, కలిపి చూడాలి. శుక్రవారం కోటలోని మ్యూజియం మూసి ఉంటుంది. శ్రీకాళహస్తి కూడా అదే రోజు పెట్టుకుంటే పోనూ రానూ ప్రయాణానికే రెండున్నర, మూడు గంటలు తీసిపెట్టాలి, రాహుకేతు పూజ అదనం. అప్పుడు చంద్రగిరి మానేయడమే మంచిది.

కొండకి వెళ్లేవాళ్లు పెద్ద పెట్టెని స్టేషన్లో వదిలి, ఒక జత బట్టలున్న సంచితోనే కదలాలి. ఎందుకో అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర తెలుస్తుంది. బస్సయినా కారయినా అక్కడ అందరూ దిగాలి. ఎవరి సామాను వాళ్లు మోసుకెళ్లి స్కానర్ బెల్టు మీద వేసి, అవతల తీసుకుని, ముందుకెళ్లి ఆగిన బండిని వెతుక్కుని ఎక్కాలి. చంటిబిడ్డ ఒక చేతిలో, ఇరవై కిలోల సూట్‌కేసు ఇంకో చేతిలో ఉంటే కొండెక్కకముందే నీరసం వస్తుంది. బెల్టు మీద నల్ల సంచులన్నీ ఒకేలా కనిపిస్తాయి, వెనకవాళ్లు తొందరలో మీది పట్టుకుపోగలరు. హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డపీలిక కట్టండి. మద్యం, సిగరెట్లు, గుట్కా, మాంసాహారం కొండమీదికి నిషేధం, స్కానర్‌లో దొరికితే తీసేసుకుంటారు.

నడిచివెళ్లేవాళ్ల సంగతి వేరు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి దాదాపు 2,400. రెండు చోట్లా టీటీడీ లగేజీ కౌంటర్లో సంచి ఇస్తే వ్యానులో ఉచితంగా కొండమీదికి చేరుస్తారు, చీటీ చూపించి పైన తీసుకోవాలి. టీటీడీ సేవల్లో నిజంగా మెచ్చుకోవాల్సినది ఇదే. అయితే ఇక్కడో పొరపాటు జరుగుతుంటుంది. దిగేటప్పుడు అలిపిరిలోనే తీసుకోవచ్చనుకుని సంచి ఇచ్చేవాళ్లున్నారు. అది కింద ఉండదు, పైకి వెళ్లిపోతుంది. పైన తీసుకోకుండా బస్సులో దిగిపోతే మళ్లీ కొండెక్కాలి. వ్యాన్లు విడతలవారీగా వెళ్తాయి కాబట్టి, వడివడిగా నడిచేవాళ్లు సంచికన్నా ముందే చేరి కౌంటర్ దగ్గర కాచుకోవడం మామూలే. దర్శనం స్లాట్‌కి కనీసం గంట ఎడం ఉండేలా చూసుకోండి. 2023లో చిరుత దాడుల తర్వాత పిల్లలతో నడిచేవాళ్లకి వేళల ఆంక్షలు పెట్టారు, బయల్దేరేముందు ఆ రోజు నియమం కనుక్కోండి.

పైన యాత్రికుల వసతి సముదాయాల్లో ఆధార్ మీద ఉచిత లాకర్ ఇస్తారు. ఫోన్, స్మార్ట్ వాచీ క్యూలోకి అనుమతించరు. లాకర్లోనే పెట్టేస్తే మళ్లీ ఇంకో కౌంటర్ తిరగక్కర్లేదు. దానికిముందు కుటుంబమంతా ఎక్కడ కలుసుకోవాలో మాట అనుకోండి. ఆడవాళ్లూ మగవాళ్లూ లడ్డూ కౌంటర్ల దగ్గర విడిపోతే ఫోన్ లేకుండా వెతుక్కోవడం నరకం.

చివరగా టికెట్ మీద స్టేషన్ పేరు చూడండి. చాలా రైళ్లు తిరుపతికి రావు, పది కిలోమీటర్ల అవతల రేణిగుంటలోనే ఆగి వెళ్తాయి. తిరుగు రైలు రేణిగుంటలో ఉండి పెట్టె తిరుపతి క్లోక్ రూమ్‌లో ఉంటే, కొండ దిగి, స్టేషన్లో పెట్టె తీసుకుని, ఆటోనో బస్సో పట్టుకోవాలి. కొండ దిగడానికి గంట, పెట్టె తీసుకోవడానికి అరగంట, రేణిగుంటకి ముప్పావుగంట వేసుకోండి. శని, ఆదివారాల్లో దిగే బస్సుల క్యూకి ఇంకో గంట కలపండి. రాత్రి తొమ్మిదింటి రైలుకి అయిదున్నరకల్లా కొండమీద బస్సు క్యూలో ఉండాలి.