అల్యూమినియమా, నికెల్ మిశ్రమమా?

రేణిగుంట దగ్గర లేత్ పని చేసే నాకు ఈ రెండింటి తేడా ముందు చేతికే తెలిసింది. ఒకే సైజు కడ్డీలు తీసుకుంటే, 6061 అనే రకం అల్యూమినియం సులువుగా లేస్తుంది. ఇన్‌కోనెల్ 718 అనే నికెల్ మిశ్రమం దానికి మూడు రెట్లు బరువు: ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు ఒకటి, 8.2 గ్రాములు ఇంకొకటి.

లేత్ మీద బిగిస్తే అసలు సంగతి బయటపడుతుంది. అల్యూమినియం పొట్టు తళతళలాడుతూ చుట్టలు చుట్టలుగా వస్తుంది. నికెల్ మిశ్రమం అంత తేలిగ్గా లొంగదు. కోసేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. వేడంతా టూల్ మొన దగ్గరే నిలిచిపోయి, చూస్తుండగానే కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేసిన టూల్ అంచు అరిగిపోతుంది. స్పీడు బాగా తగ్గించి, చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఆపకుండా పోయాలి. టూల్ కోయకుండా ఒకేచోట రుద్దిందా, ఆ చోటు మరింత మొండికేస్తుంది.

అంత కష్టపడి దాన్ని వాడేది ఎందుకంటే, వేడిని తట్టుకోవడం కోసం. 6061 సుమారు 200 డిగ్రీలు దాటితే బలం బాగా కోల్పోతుంది. 718 మాత్రం 650 డిగ్రీల దాకా గట్టిగా నిలబడుతుంది, అందుకే జెట్ ఇంజిన్లలో టర్బైన్ డిస్కులకు వాడతారు. వేడిని లాగేసి పంచాలంటే మాత్రం అల్యూమినియమే. ఈ పనిలో అది 718 కంటే పది రెట్లకు పైగా మెరుగు.

తుప్పు విషయానికొస్తే రెండింటికీ పైన ఆక్సైడ్ పొర ఉంటుంది. కానీ అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచి చూడండి, లోపల మచ్చలు పడతాయి. పులుపు, ఉప్పు ఆ పొరను తినేస్తాయి. నికెల్, క్రోమియం ఉన్న మిశ్రమాలు సముద్రపు నీటిని కూడా బాగా తట్టుకుంటాయి.

ధరలో పోలికే లేదు, నికెల్ మిశ్రమమే చాలా ఖరీదు. వేడి, ఆమ్లం తగలని భాగానికైతే నేను కళ్లు మూసుకుని అల్యూమినియమే తీసుకోమంటాను.