మోకాలి ఆపరేషన్‌కి ఆస్పత్రి: గూగుల్ స్టార్లా, ఎన్ఏబీహెచ్ గుర్తింపా, మనమే అడగడమా?

అనంతపురం, హిందూపురం వైపు నుంచి పెద్దవాళ్లని మోకాళ్ల ఆపరేషన్‌కి బెంగళూరు తీసుకొచ్చేవాళ్లు నన్ను అడిగేది ఒకటే, ఏ ఆస్పత్రి మంచిదని. పేరు చెప్పను గానీ ఎలా తేల్చుకోవాలో చెప్తాను.

గూగుల్ రేటింగ్ పనికిరాదని అనను. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎంత తిప్పుతారో, ఇన్సూరెన్స్ తేలక డిశ్చార్జి రోజు ఎంతసేపు కూర్చోబెడతారో అందులో తెలిసిపోతుంది. కానీ జనం స్టార్లు ఇచ్చేది ఇంటికెళ్లిన వారంలోనే, మోకాలు ఎలా కుదురుకుందో తెలియడానికి నెలలు పడుతుంది.

ఎన్ఏబీహెచ్ అంటే ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ, దాని గుర్తింపు అంతకంటే చాలా నయం. ఇన్ఫెక్షన్లు రాకుండా ఏం చేస్తున్నారు, ఒకరి మందు ఇంకొకరికి వెళ్లకుండా ఎలా చూస్తున్నారు అని బయటివాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు. అయితే ఎంట్రీ లెవెల్ సర్టిఫికెట్ వేరు, పూర్తి అక్రెడిటేషన్ వేరు, ఏది ఉందో ఎన్ఏబీహెచ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఏదైనా అది ఆస్పత్రి పద్ధతులకి ఇచ్చేదే, మీ సర్జన్ చెయ్యి ఎలాంటిదో అందులో ఉండదు.

అందుకే నేను నేరుగా అడగడం వైపే. ఈ ఆపరేషన్ ఏడాదికి మీరు స్వయంగా ఎన్ని చేస్తారు, ఎంతమందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది? న్యూయార్క్ రాష్ట్రంలో గుండె బైపాస్ ఫలితాలు సర్జన్ల పేర్లతో సహా 1990ల నుంచే జనం ముందు పెడుతున్నారు, మనకా వీలు లేదు కాబట్టి నోరు తెరిచి అడగాల్సిందే. డాక్టరుగారిని అలా అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లకి మహా మొహమాటం, దయచేసి అది పక్కన పెట్టండి. మా అమ్మ విషయంలో అడిగితే ఒకాయన అవన్నీ మాకు వదిలేయండి అన్నారు, ఇంకొకాయన తన దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులతో సహా ఓపిగ్గా చెప్పారు, మేం ఆయన దగ్గరే చేయించాం.

ఒక్క జాగ్రత్త. షుగరు ఉన్నవాళ్లని, పాత ఆపరేషన్ చెడినవాళ్లని తీసుకునే సర్జన్ దగ్గర ఇబ్బందులు కాస్త ఎక్కువే కనిపిస్తాయి, తేలిక కేసులే చేసేవాళ్ల లెక్క ఎప్పుడూ బాగుంటుంది. కాబట్టి మీ అమ్మగారి వయసు, షుగరు, బరువు చెప్పి, ఇలాంటివాళ్లకి మీ దగ్గర ఎలా ఉందని అడగండి.

చుట్టాల మాట సర్జన్ పేరు తెలుసుకోవడం వరకే. టీవీ ప్రకటనలు అసలు లెక్కలోకే తీసుకోవద్దు. ఇంపోర్టెడ్ ఇంప్లాంట్ (మోకాల్లో పెట్టే కృత్రిమ కీలు) అని ప్యాకేజీ పెంచితే బిల్లులో దాని ధర విడిగా చూపించమనండి, 2017 ఆగస్టులోనే కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి గరిష్ఠ ధర పెట్టింది.