షట్టర్ టీవీ: విశాఖ ఉప్పుగాలిలో కొనే ముందు చూడాల్సినవి

చెక్క పెట్టె, పక్కకు జరిగే షట్టర్, కటకటమని తిరిగే చానెల్ మీట. ఈ 20 అంగుళాల నలుపు-తెలుపు సెట్లు విశాఖ పాత సామాన్ల కొట్లలో ఇంకా అప్పుడప్పుడు కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ కంటపడితే ఆగి చూడండి. 1975-76లో ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందించిన ‘సైట్’ అనే ప్రయోగానికి సెట్లు చేసింది ఆ సంస్థే. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో రాజధాని కంటే ముందే కొన్ని పల్లెలు టీవీ చూసేశాయి.

పిక్చర్ ట్యూబ్ బతికి ఉంటేనే కొనండి. మిగతా ఏ భాగం పోయినా బాగుచేసే దారి ఉంటుంది, ట్యూబ్‌కు మాత్రం బదులు ఇంకోటి దొరకడం కష్టం. సెట్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగండి. బొమ్మ మసకగానే ఉండి, బ్రైట్‌నెస్ పెంచినప్పుడు తెల్లని చోట్లు వెండిలా మెరిస్తే ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్ అరిగిపోయినట్టే, వదిలేయండి. అలా కాకుండా బ్రైట్‌నెస్ పెంచేకొద్దీ బొమ్మ ఉబ్బి అలుక్కుపోతుంటే తప్పు ట్యూబ్‌ది కాదు, దానికి వేల వోల్టులు అందించే ఈహెచ్‌టీ భాగానిది. అది బాగవుతుంది.

ఏళ్ల తరబడి మూలన పడున్న సెట్‌ను నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు పూర్తి వెలుగుతో అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉంది. లోపమేమీ లేకపోతే సన్నటి ఈల వినిపించాలి. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 625 గీతలు, హెచ్చవేస్తే సెకనుకు 15,625 గీతలు. ఆ ఈల అదే. (వయసు మీదపడ్డ చెవులకు వినపడదు, పక్కన పిల్లలుంటే అడగండి.)

లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్ల నుంచి వచ్చిన సెట్లలో అసలు శత్రువు ఉప్పుతేమ. ట్యూబ్ పక్కనున్న రబ్బరు టోపీ కింద దుమ్ముతో కలిసి అది పేరుకుంటుంది. ఆ టోపీ కిందికి వచ్చే 15 వేల వోల్టులకు బయటికి దారి దొరికి సర్రుమని చప్పుడు, చీకట్లో ఊదారంగు మెరుపు, ఘాటైన వాసన వస్తాయి. ప్లగ్ పీకి, ట్యూబ్ వెనుక నల్లపూతను అంటుకునే ఎర్త్ తీగకు స్క్రూడ్రైవర్‌ను వైరుతో కలిపి, టోపీ కింద తాకించి చార్జ్ దింపాలి. ఆ తర్వాతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చానెల్ మీట తిప్పినప్పుడు బొమ్మ పోయి వస్తుంటే ట్యూనర్ (చానెల్ పట్టే భాగం) కాంటాక్టులు నల్లబడ్డాయి, కాంటాక్ట్ క్లీనర్ చాలు. బొమ్మ అడుగున ముడుచుకుంటే వర్టికల్ విభాగంలో (బొమ్మను పైనుంచి కిందికి పరిచే భాగం) కండెన్సర్ ఎండిపోయి ఉండొచ్చు, ముందు దాన్ని మార్చి చూడండి.

ఇన్ని చేసినా చాలామంది బోల్తాపడేది సిగ్నల్ దగ్గరే. దూరదర్శన్ పాత అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి కాబట్టి యాంటెన్నాను కైలాసగిరి వైపు ఎంత తిప్పినా చుక్కలే. సెట్‌టాప్ బాక్స్‌కూ టీవీకీ మధ్య, బాక్స్ బొమ్మను పాత యాంటెన్నా సిగ్నల్‌లా మార్చే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ కావాలి. అది మన దేశపు పాత ప్రసార పద్ధతి అయిన పాల్-బీ రకమై, 2 నుంచి 12 లోపు వీహెచ్ఎఫ్ చానెల్ ఇచ్చేది అయ్యుండాలి. అంతకంటే పై ఫ్రీక్వెన్సీల యూహెచ్ఎఫ్ మాత్రమే ఇచ్చేది తెస్తే ఈ సెట్ ట్యూనర్ అందుకోలేదు. అమెరికా పద్ధతిది తెస్తే బొమ్మ వచ్చినా మాట రాదు. మన సెట్‌లో మాటకూ బొమ్మకూ మధ్య 5.5 మెగాహెర్ట్జ్ ఎడం, అక్కడ 4.5. వెనుక చదునైన ఫీడర్ వైరు స్క్రూలే ఉంటే, గుండ్రటి కేబుల్‌ను దానికి కలిపే, 75 నుంచి 300 ఓమ్‌లకు మార్చే బాలన్ అనే చిన్న ముక్క కూడా తీసుకోండి.

మాడ్యులేటర్ ఖర్చు తప్పించుకుందామని లోపలి బోర్డుకు వీడియో వైరు అతికిస్తామనే మెకానిక్ మాట వినకండి. ఈ సెట్లలో చాలావాటికి చాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా కరెంటు లైన్‌కే కలిసి ఉంటుంది, ఆ వైరు పట్టుకుంటే షాకే. చివరగా, సెట్‌టాప్ బాక్స్‌లో రంగు సున్నాకు తగ్గించే వీలుంటే తగ్గించండి, బొమ్మ మీద పాకే సన్న చుక్కలు చాలావరకు పోతాయి.