పొగ బండికి రెండు మార్కులు, టార్చిలైటుకు తొమ్మిది

మా పురపాలక సంఘం దోమల నివారణ విభాగం పనితీరు గురించి రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, ఇంటి పన్ను కట్టడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ముందు పొగ బండి. మూడు వారాలు ఫోను చేశాను. ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని సందేశం వచ్చింది గానీ బండి రాలేదు. చివరికి ఒకరోజు చీకటి పడ్డాక వచ్చింది. వీధంతా తెల్లబడిపోయింది, పిల్లలు దాని వెనకే పరుగెత్తారు, ఆరేసిన బట్టలకు డీజిల్ వాసన పట్టింది. మర్నాడు పొద్దున్నే పేపరు చదువుతుంటే మడమ మీద దోమ కుట్టింది. రెండు మార్కులు, అవీ పిల్లల సరదాకు.

ఆ వారంలోనే పై వాటాలో అద్దెకున్న వాళ్ల అబ్బాయికి డెంగీ అని తేలింది. (కోలుకున్నాడు.) ల్యాబు నుంచి కబురు వెళ్లినట్టుంది, రెండో రోజుకల్లా ఒక అమ్మాయి, ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చుట్టుపక్కల ఇళ్లన్నీ చూడటం మొదలుపెట్టారు. సైన్సు మాస్టారి ఇంట్లో ఏముంటుందిలే అనుకున్నాను.

ఆ అమ్మాయి నేరుగా పెరట్లో పాత రోలు దగ్గరికి వెళ్లింది. అందులో వాన నీళ్లు. టార్చి వేసి, ‘‘చూడండి మాస్టారూ’’ అంది. నా నీడ పడగానే నల్లటి నలుసులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. తర్వాత ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే పళ్లెం బయటికి లాగింది. అక్కడ పళ్లెం ఒకటి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడని ఏటా పాఠం చెప్పినవాణ్ణి!

డెంగీ దోమకు మురుగు కాలవతో పని లేదట, నిలవ ఉన్న మంచినీళ్లే కావాలట. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లన్నీ పారబోసి పాత్రలు ఆరబెట్టే రోజు, అని మైకులో చెప్పేది అందుకే. నీళ్లు పారబోస్తే చాలదు, పీచుతో తోమాలి, గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. పొగ ఎగిరే దోమకే తగులుతుంది, రోలులో ఉన్న దోమ పిల్లలకు దాని ఊసే తెలియదు. సంపులో దోమ పిల్లల్ని చంపే టెమిఫాస్ మందు వేస్తుంటే కంగారుపడ్డాను. ‘‘లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటనివ్వం, భయం లేదండీ’’ అని కొలత చూపించి మరీ వేసింది.

తొమ్మిది మార్కులు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, మరుసటి వారం వేరే కుర్రాడు గేటు దగ్గరే సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

రోలు కదలదు, నా నడుము వంగదు. ఇసుక నింపేశాను. మా ఆవిడ అందులో పుదీనా నాటింది.