బెల్‌ఫాస్ట్, డెరీ, డబ్లిన్: సింగిల్ ఎంట్రీ వీసాతో ఆరు రోజులు

జూన్ నెల, పొద్దున్న పదకొండు గంటలు. డెరీ ఊరి నుంచి డోనెగాల్ వైపు వెళ్లే రోడ్డు మీద, సరిహద్దుకి కాస్త ఇవతల ఉన్న పెట్రోల్ బంకులో నన్ను దింపి, మా ఆయన మా అమ్మనీ నాన్ననీ తీసుకుని వెళ్లిపోయారు. కారు మలుపు తిరిగేదాకా అమ్మ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ మలుపు దాటి కొంచెం దూరం పోతే బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్ అయిపోయి, ఇక్కడివాళ్లు దక్షిణం అనే ఐర్లాండ్ దేశం మొదలవుతుంది. గేటు లేదు, పోలీసు లేడు, అడ్డంగా ఒక తాడు కూడా లేదు. నేను నడుచుకుంటూ వెళ్లినా అడిగేవాళ్లు లేరు. అయినా వెళ్లలేదు.

మేం లీడ్స్‌లో ఉంటాం. మా ఆయనది బ్రిటిష్ పాస్‌పోర్టు. నాది ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టే, ఇక్కడ శాశ్వత నివాసం ఉంది. అమ్మా నాన్నా విజయవాడ నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. అంటే కారు ఒకటే, కాగితాలు మూడు రకాలు. మా ఆయనకి ఐర్లాండ్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. రెండు దేశాల పౌరుల రాకపోకలకి కామన్ ట్రావెల్ ఏరియా అని 1920ల నుంచీ ఒక ఏర్పాటు ఉంది, బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి వచ్చాక (బ్రెగ్జిట్) కూడా దాన్ని అలాగే ఉంచారు. అమ్మావాళ్ల వీసా స్టిక్కర్ మీద 'బి.ఐ.వి.ఎస్.' అని ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ కలిసి నడిపే పథకం అది. ముందు బ్రిటన్‌లో దిగి, ఆ వీసా మీదే ఐర్లాండ్ కూడా చూసి రావచ్చు. పదకొండేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తూ పన్ను కడుతున్న నాకు మాత్రం విడిగా ఐరిష్ వీసా కావాలి. ఇక్కడ పని మీదో చదువు మీదో ఉంటున్న ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లందరికీ ఇదే రూలు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి దారి ఉంది, కాపురం ఉన్నవాళ్లకి లేదు.

నాకు వీసా రావడానికి ఐదు వారాలు పట్టింది. రెండుసార్లు దాటతామని అప్లికేషన్‌లో రాశాను, అయినా సింగిల్ ఎంట్రీ ఇచ్చారు. అంటే ఒకసారి దక్షిణానికి వెళ్లి మళ్లీ ఉత్తరానికి వచ్చానంటే వీసా అయిపోయినట్టే. డబ్లిన్ రైలు టికెట్లు, రూము అప్పటికే తీసేసుకున్నాం. పొద్దున్న డోనెగాల్ చూడాలనుకుంటే నాకు డబ్లిన్ లేదు. అందుకే బంకు దగ్గర దిగిపోయాను.

ఈ చిక్కు బ్రెగ్జిట్‌తో పుట్టింది కాదు, అంతకు ముందూ మన పాస్‌పోర్టుకి ఇంతే. కాకపోతే బ్రెగ్జిట్ తర్వాత మనలా ఆగి ఆలోచించాల్సినవాళ్లు పెరిగారు. సముద్రపు ఒడ్డున రాతి స్తంభాలుండే జెయింట్స్ కాజ్‌వే దగ్గర ఒక జర్మన్ జంట కలిశారు. డబ్లిన్‌లో దిగి, కారు అద్దెకి తీసుకుని పైకి వచ్చారు. 2025 ఏప్రిల్ నుంచి యూరప్ వాళ్లకి కూడా బ్రిటన్‌లోకి ఈటీఏ అనే అనుమతి కావాలి, 2025లో మనిషికి 16 పౌండ్లు ఉండేది. దారిలో ఎవరూ అడగకపోయినా, ఉత్తరంలో అడుగు పెట్టాలంటే అది ఉండాల్సిందే. వాళ్లు ముందే చదువుకున్నారు కాబట్టి తీసుకున్నారు. చదవనివాళ్ల సంగతి ఏమిటని ఆమె నన్నే అడిగింది.

మా నాన్న వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. గరికపాడు చెక్‌పోస్టులో రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. 2017 జులైలో జీఎస్టీ వచ్చి ఆ చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా వే బిల్లులు, లారీల వరసలే ఆయన లోకం. ఇక్కడి ఫెర్రీలో కూడా ఆయన చూసింది సముద్రాన్ని కాదు, లారీలని. లీడ్స్ నుంచి ఐదు గంటలు నడిపి స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌రయన్ రేవుకి చేరుకున్నాం. అక్కడి నుంచి బెల్‌ఫాస్ట్‌కి రెండుంబావు గంటల ప్రయాణం. అవతలిది కూడా బ్రిటనే కాబట్టి మనుషులకి ఇమిగ్రేషన్ లేదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఓడ శుభ్రంగా ఉంది. తిండి ఖరీదు, రుచి అంతంత మాత్రం. అమ్మ తెచ్చిన పులిహోర లేకపోతే ఇబ్బంది పడేవాళ్లం.

ఒకే దేశంలో సరుకుకి తనిఖీ ఎందుకని నాన్న అడిగారు. మా ఆయన ఓపిగ్గా చెప్పారు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లాండ్‌లో కలవాలా అని దశాబ్దాలు సాగిన రక్తపాతం 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో చాలావరకు ఆగింది. సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు, దాన్ని దాటే రోడ్లు 200 పైనే. వాటి మీద మళ్లీ గేట్లు పెడితే పాత గాయం రేగుతుందని అందరికీ భయం. కానీ ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లోనే ఉండి, బ్రిటన్ బయటికి వచ్చాక సరుకుని ఎక్కడో ఒకచోట చూడక తప్పదు. అందుకని సరుకు విషయంలో ఉత్తర ఐర్లాండ్‌ని యూరప్ నియమాల కిందే ఉంచి, మిగతా బ్రిటన్ నుంచి వచ్చే సరుకుని రేవుల్లో చూస్తున్నారు. 2023లో విండ్సర్ ఒప్పందం వచ్చాక ఉత్తరంలోనే అమ్ముడుపోయే సరుకుకి తనిఖీ తక్కువుండే గ్రీన్ లేను, దక్షిణానికి దాటే అవకాశం ఉన్నదానికి పూర్తి తనిఖీ ఉండే రెడ్ లేను. నాన్న అంతా విని, "అంటే ఊళ్ల మధ్య పెట్టలేక చెక్‌పోస్టుని రేవుకి తెచ్చారన్నమాట" అన్నారు. నేను ఏళ్ల తరబడి వార్తల్లో చదివిన దాన్ని ఆయన ఒక్క ముక్కలో పట్టుకున్నారు.

బెల్‌ఫాస్ట్‌లో రెండు రాత్రులు. హోటల్ ఊరి నడిబొడ్డున ఉంది, రూము పెద్దదే. కారు పార్కింగ్‌కి రాత్రికి ఇంత అని విడిగా వసూలు చేస్తారన్న మాట బుకింగ్‌లో ఎక్కడా లేదు. మీరు వెళ్తే ముందే ఫోన్ చేసి అడగండి. టైటానిక్ మ్యూజియానికి మూడు గంటలు పెట్టుకోండి. పెద్దవాళ్లకి కూర్చోవడానికి చోట్లున్నాయి, లిఫ్టులున్నాయి, టికెట్ డబ్బులకి న్యాయం జరుగుతుంది. ఆ సాయంత్రం సూపర్ మార్కెట్‌లో నాన్న పెరుగు డబ్బా పట్టుకుని కళ్లజోడు పైకి నెట్టి చదువుతున్నారు. మూత అంచున చిన్న అక్షరాల్లో 'నాట్ ఫర్ ఈయూ' అని ఉంది. "ఇది ఇక్కడ తినొచ్చా?" అన్నారు. తినొచ్చు, యూనియన్‌లో అమ్మకూడదు. పక్క అరలో ఉత్తర ఐర్లాండ్ పాలకి ఆ ముద్ర లేదు. ఇక్కడి పాడి రైతుల పాలలో సుమారు మూడో వంతు సరిహద్దు దాటి దక్షిణాన ఉన్న ఫ్యాక్టరీలకి వెళ్తాయి. రేవులో తనిఖీ పెట్టింది ఆ ట్యాంకర్లు ఆగకుండా పోవడానికే.

కాజ్‌వే గురించి ఎక్కువ రాయను. సుమారు 40,000 నల్లరాతి స్తంభాలు, చూసి తీరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కిందికి షటిల్ బస్సుంది. అమ్మ దాంట్లోనే వెళ్లింది.

డెరీలో మేం దిగిన ఇల్లు ఈ ప్రయాణం మొత్తానికీ మంచి బస. ఇంటావిడకి డెబ్బై ఏళ్లు ఉంటాయి. మాకు మాంసం అలవాటు లేదంటే టిఫినుకి పుట్టగొడుగులు, టమాటా, ఓట్స్ విడిగా చేసి పెట్టింది. వంటింట్లో మా కుక్కర్ పెట్టుకోనిచ్చింది. ఆమె చిన్నప్పుడు సరిహద్దులో కస్టమ్స్ వాళ్లు ఆపి సంచుల్లో వెన్న ఉందా అని వెతికేవాళ్లట. తర్వాత సైనికుల తనిఖీ పోస్టులు వచ్చాయి, పోయాయి. 2016 బ్రెగ్జిట్ రిఫరెండంలో దేశం మొత్తం మీద 51.9 శాతం బయటికి పోదామన్నా, ఈ ఊరున్న ఫోయిల్ నియోజకవర్గంలో 78.3 శాతం యూనియన్‌లోనే ఉందామన్నారు. ఆ వెన్న కథ విన్నాక ఆ అంకె నాకు అర్థమైంది. ఊరి పాత కోట గోడల మీద పూర్తిగా ఒక చుట్టు నడవచ్చు, ఉచితం. సాయంత్రం పీస్ బ్రిడ్జి మీద నడక అమ్మకి బాగా నచ్చింది.

ఒక జాగ్రత్త. డెరీలో ఉండగానే ఫోన్ దక్షిణాది టవర్‌ని పట్టుకుంటుంది. మీ నెట్‌వర్క్ ఐర్లాండ్ రోమింగ్‌కి డబ్బులు వేస్తుందేమో చూసుకుని, ఆటోమేటిక్ సెలెక్షన్ తీసేయండి. బంకు దగ్గర కూర్చున్న నాకు కూడా 'వెల్‌కమ్ టు ఐర్లాండ్' అని మెసేజ్ వచ్చింది. దాన్ని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

ఆ మూడు గంటల్లో నా ముందు నుంచి స్కూలు బస్సు వెళ్లింది, పాల ట్యాంకర్ వెళ్లింది, ట్రాక్టర్ మీద ఒక పెద్దాయన రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నంబరు ప్లేట్లు రెండు దేశాలవీ కలిసిపోయి ఉన్నాయి. బంకులో పౌండ్లూ తీసుకుంటారు, యూరోలూ తీసుకుంటారు. నాకు 2021 మే నెల గుర్తొచ్చింది. కోవిడ్ రోగులతో హైదరాబాద్ వెళ్తున్న అంబులెన్సులని తెలంగాణ సరిహద్దులో ఆపేసినప్పుడు, నాన్న టీవీ ముందు అన్నం పళ్లెం పక్కన పెట్టేశారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. తను ఏళ్లపాటు లారీలు ఆపిన రోడ్డు అది. మనుషులని ఆపడం ఆయనకి మింగుడుపడలేదు.

రెండు దాటాక కారు తిరిగొచ్చింది. కొండ మీద గ్రియనాన్ అనే రాతికోట, తర్వాత బంక్రానా బీచ్ చూసొచ్చారు. నాన్న దిగీ దిగగానే, "అమ్మాయ్, అక్కడేం లేదే! రోడ్డు అంచున తెల్ల గీత పసుపు గీతైంది, మైళ్ల బోర్డులు కిలోమీటర్లయ్యాయి, అంతే" అన్నారు. కాసేపాగి, "మా పోస్టు దగ్గర తాడుండేది. ఎక్కడ ఆగాలో లారీవాడికి తెలిసేది" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. కొంగు ముడి విప్పి, బంక్రానాలో ఏరిన తెల్ల గులకరాయి నా చేతిలో పెట్టింది.

డబ్లిన్‌కి కారు తీసుకెళ్లకుండా బెల్‌ఫాస్ట్ గ్రాండ్ సెంట్రల్ నుంచి ఎంటర్‌ప్రైజ్ రైలెక్కాం. మంచి పని చేశాం. 2024 అక్టోబర్ నుంచి గంటకొక రైలుంది, సీట్లు సౌకర్యం, స్టేషన్ కొత్తది. ఉత్తరం వైపు చివరి స్టేషన్ న్యూరీ దాటాక నాన్న కిటికీకి నుదురు ఆనించి సరిహద్దు కోసం చూస్తూనే ఉన్నారు, ఈసారీ దొరకలేదు. డండాక్‌లో ఇద్దరు అధికారులు ఎక్కారు. మా పెట్టెలో చాలామందిని ఒక చూపు చూసి ముందుకి వచ్చేశారు. మా దగ్గర ఆగి నలుగురి పాస్‌పోర్టులూ అడిగారు. మర్యాదగానే మాట్లాడారు. నా వీసా పేజీని వెలుతురుకి పెట్టి తిప్పి చూస్తున్నంతసేపూ నాన్న ఆ చేతులనే గమనిస్తున్నారు. వాళ్లు వెళ్లాక మెల్లిగా, "పని తెలిసినవాడే. కానీ అందరివీ చూడాలి కదా" అన్నారు.

డబ్లిన్‌లో రూము ధర డెరీకి రెట్టింపు, సైజు సగం. ఒక్క రాత్రి చాలు. మరునాడు తిరుగు రైల్లో ఎవరూ ఎక్కలేదు, ఏమీ అడగలేదు. న్యూరీలో ఆగేసరికి నా వీసా చెల్లిపోయింది.

ఇక్కడ పర్మిట్ మీద ఉన్న మనవాళ్లు వెళ్లేటట్టయితే అప్లికేషన్‌తో పాటు రోజువారీ ప్రయాణం రాసి, ప్రతి దాటుడుకీ బుకింగ్ కాగితం జతచేసి, మల్టిపుల్ ఎంట్రీ కావాలని కవరింగ్ లెటర్‌లో విడిగా అడగండి. చేతికి రాగానే ఎన్ని ఎంట్రీలో చూసుకుని, ఆ తర్వాతే రూములు తీసుకోండి. నేను సెప్టెంబరుకి మళ్లీ పెట్టుకుంటున్నాను. డెరీ ఇంటావిడకి చెప్పేశాను, ఈసారి మొదటి రోజే బంక్రానా అని.