కొలరాడోలో చవగ్గా వచ్చే ఐదెకరాలు: కొనేముందు నీళ్ల సంగతి అడగండి

దక్షిణ కొలరాడోలోని కోస్టియా కౌంటీలో (రాతలో కోస్టిల్లా అని ఉంటుంది, అక్కడివాళ్లు పలికేది కోస్టియా) ఐదెకరాల ప్లాటు, డౌన్ పేమెంటు నామమాత్రం, నెలనెలా ఫోన్ బిల్లంత కడితే చాలు అనే ప్రకటన మీకూ వచ్చే ఉంటుంది. నాకు 2021లో వచ్చింది. కొన్నాను. మీరు కొనకండి, లేదా ఇది చదివాక కొనండి.

మేముండేది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి మా ఇంట్లో కరెంటు పోయింది, నీళ్ల పైపు పగిలింది, పిల్లలకి నాలుగు దుప్పట్లు కప్పి తెల్లారేదాకా కూర్చున్నాం. అప్పట్నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. రేపు అంతా ఆగిపోతే పారిపోయి బతకడానికి ఒక చోటుండాలి: సొంత బోరు, నాలుగు కోళ్లు, కాస్త కూరగాయల మడి, పైన సోలార్. ఇక్కడ దీన్ని ప్రెపింగ్ అనీ హోమ్‌స్టెడింగ్ అనీ అంటారు. మా తాత బతుకంతా ఇదే చేశాడు గానీ పేరు పెట్టలేదు.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఎక్సెల్ షీట్ తెరిచాను. జనాభా: కౌంటీ మొత్తానికి దాదాపు 3,500 మంది. మార్కులు వేశాను. పెద్ద నగరాలు దూరం. వేశాను. భూమి చవక, పన్ను తక్కువ, ఎండ పుష్కలం. వేశాను. నీళ్ల గడిలో మాత్రం అమ్మేవాడు ఫోన్లో చెప్పిన మాటే ఎక్కించాను: ‘బోరు వేసుకోవచ్చు సార్’. అది పచ్చి అబద్ధం కాదు. అందుకే తర్వాత లాయరు కూడా పెదవి విరిచాడు.

డబ్బు కట్టాక గానీ చూడ్డానికి వెళ్లలేదు, అది నా రెండో తప్పు. పదకొండు గంటల డ్రైవ్. లా వెటా పాస్ దిగి ఫోర్ట్ గార్లండ్ చేరేసరికి ఎదురుగా బ్లాంకా శిఖరం, 14,000 అడుగులు దాటిన కొండ. ప్రకటనలో ఉన్నది ఆ కొండే. ప్రకటనలో ఉన్న సెలయేరు, పైన్ చెట్లు మాత్రం మా ప్లాటుకి ఎన్నో మైళ్ల అవతల. మా ఐదెకరాలు జీపీఎస్ చెబితే తప్ప తెలియలేదు. మోకాలెత్తు తుప్పలు, ఇసుక, మనిషిని నెట్టేసే గాలి. రోడ్డు మ్యాపులో ఉంది, నేల మీద లేదు.

అక్కణ్ణుంచి కౌంటీ ముఖ్యపట్టణం శాన్ లూయిస్ వెళ్లి బోరు గురించి అడిగాను. కౌంటర్లో ఉన్న పెద్దావిడ ఒకటే ప్రశ్న వేసింది: ‘మీది 35 ఎకరాలకి పైనా, కిందా?’

కొలరాడో చట్టంలో కీలకమంతా ఆ అంకెలోనే ఉంది. 35 ఎకరాలూ ఆపైన ఉంటే మామూలుగా దొరికే బోరు పర్మిట్‌తో నిమిషానికి 15 గ్యాలన్ల దాకా తోడుకుని, ఎకరం వరకు తోట తడుపుకోవచ్చు, పశువులకి పెట్టుకోవచ్చు. అంతకంటే తక్కువున్న ప్లాటుకి దొరికితే గిరికితే దొరికేది ఇంటి లోపలి వాడకానికే. అంటే స్నానం చేయొచ్చు, అంట్లు తోముకోవచ్చు. ఆ నీళ్లు వంకాయ మొక్కకి పోయకూడదు. కోడికి పెట్టకూడదు. బోరు వేసుకోవచ్చన్న మాట నిజమే, ఎందుకు వేసుకోవాలనుకున్నానో ఆ పనికే పనికిరాదు.

నేనెందుకు బోల్తా పడ్డానంటే, టెక్సాస్‌లో నేల కింది నీళ్లు ఆ నేల యజమానివే. మన ఊళ్లోనూ వాల్టా చట్టం ఎంతున్నా, నా చేను నా బోరు అన్న ధీమా పోలేదు. కొలరాడోలో నీటి హక్కు వేరే ఆస్తి. ముందు వాడుకున్నవాడిది ముందు హక్కు. శాన్ లూయిస్ చుట్టూ పచ్చటి పొలాలు చూసి మురిసిపోయాను కదా, వాటికి నీళ్లిచ్చే కాలవల్లో ఒకటైన పీపుల్స్ డిచ్ హక్కు 1852 నాటిది, రాష్ట్రంలో నేటికీ నడుస్తున్న వాటిలో అన్నింటికంటే పాతది. ఆ నీళ్లు వాళ్ల తాతముత్తాతల నుంచి వాళ్లవి. నిన్న నెలవారీ కిస్తీలకి ప్లాటు కొన్న నాకు వరస చివర కూడా చోటు లేదు.

వాన నీళ్లు పట్టుకుందామా అంటే, 2016 చట్టం ఇళ్లకి రెండు డ్రమ్ములు, మొత్తం 110 గ్యాలన్లు అనుమతించింది. ఈ కౌంటీ ఉన్న శాన్ లూయిస్ లోయలో ఏడాదికి పడేది ఏడెనిమిది అంగుళాలే. ట్రక్కులో తోలుకుందామా అంటే, 275 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు నింపితే నీళ్ల బరువే టన్ను దాటుతుంది. మట్టి రోడ్డు మీద, మంచులో, వారం వారం. కొందరు అలా బతుకుతున్నారు, వాళ్లకో దండం. ఎత్తు దాదాపు 8,000 అడుగులు కాబట్టి గడ్డ కట్టని రోజులు మూడు నెలలకి అటూ ఇటూ. గోంగూర, బెండ మర్చిపోండి. బంగాళాదుంపలు పండుతాయి, తడి ఉంటే.

పర్మిట్ల గోల కూడా ఉంది. ఇల్లు కట్టాలంటే సెప్టిక్ తప్పదు. టెంటో, ఆర్వీయో (చక్రాల మీద నడిచే ఇల్లు) వేసుకుని ఏడాదంతా ఉంటామంటే ఒప్పుకోరు, 2015లో దీని మీదే అక్కడి ఆఫ్-గ్రిడ్ వాళ్లకీ (కరెంటు, నీళ్ల లైన్లు లేకుండా బతికేవాళ్లు) కౌంటీకీ గట్టి గొడవ జరిగింది. పోనీ కొండవాలున అడవి ప్లాటు కొందామా అనుకునేవాళ్లు 2018 స్ప్రింగ్ క్రీక్ కార్చిచ్చు గురించి చదవండి. పక్క కౌంటీతో కలిపి లక్ష ఎకరాల పైన కాలింది.

కాగితాల సంగతి నాకే సిగ్గుగా ఉంది. ఊళ్లో ఈసీ తీయకుండా సెంటు స్థలం కొనని వాణ్ణి, ఇక్కడ టైటిల్ కంపెనీ (స్థలం నిజంగా ఎవరిదో రికార్డులు వెతికి చెప్పేది) లేకుండా కొన్నాను. కిస్తీలన్నీ తీరేదాకా డీడ్, అంటే స్థలం దస్తావేజు, అమ్మినవాడి పేరునే ఉంది. చివరికి చేతికొచ్చింది క్విట్‌క్లెయిమ్. అంటే ‘నాకేమైనా హక్కుంటే నీకిచ్చేశా’ అని రాసివ్వడం, హక్కుందని హామీ కాదు. కనీసం వారంటీ డీడ్, అంటే హక్కు తనదేనని అమ్మేవాడు హామీ ఇచ్చే దస్తావేజు, అడగండి.

ఇప్పటికీ కొనాలనే ఉంటే అమ్మేవాణ్ణి అడగొద్దు. బోరు పర్మిట్లిచ్చే రాష్ట్ర శాఖ కొలరాడో డివిజన్ ఆఫ్ వాటర్ రిసోర్సెస్‌కి పార్సెల్ నంబరు (ప్లాటుకి కౌంటీ ఇచ్చే నంబరు) చెప్పి, దీనికి ఏ రకం బోరు పర్మిట్ వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. చుట్టుపక్కల బోర్ల రికార్డులు, ఎంత లోతో సహా, ఎవరైనా చూడొచ్చు. జనవరిలో ఒకసారి వెళ్లి రండి, కనీసం ఒక రాత్రి ఉండండి. జనాభా తక్కువ, భూమి చవక అని నాలా మార్కులు వేసుకునేవాళ్లు ఆ రెండూ ఎందుకలా ఉన్నాయో కూడా ఒక గడి పెట్టుకోండి.

నేను ప్లాటు అమ్మకానికి పెట్టాను. బోరు నీళ్లు ఇంటి లోపలికే అని ప్రకటనలో మొదటి లైన్లోనే రాశాను. మా ఆవిడ అలా రాస్తే ఎవరు కొంటారంది. నాలుగు నెలలైంది, ఒక్క ఫోనూ రాలేదు. నాకమ్మినవాడు మాత్రం అదే సెలయేటి ఫొటో పెట్టి పక్క ప్లాట్లు ఇంకా అమ్ముతున్నాడు.