కట్టెల స్టవ్‌ను రాత్రింబవళ్లు ఎప్పుడు మండించాలి: న్యూ హాంప్‌షైర్ చలిలో వాడాక నా సమీక్ష

మా ఇల్లు అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, నాషువాకు దగ్గర. రెండంతస్తుల పాత ఇల్లు, కింద బేస్‌మెంట్, వేడినీళ్లు పైపుల్లో తిప్పి ఇల్లు వెచ్చబరచడానికి ఆయిల్‌తో నడిచే బాయిలర్. 2022లో హీటింగ్ ఆయిల్ గాలన్ 5 డాలర్లు దాటాక హాల్లో కట్టెల స్టవ్ పెట్టించాం. స్టవ్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగుందని చెప్పి ఊరుకోవచ్చు. అసలు తర్జనభర్జన దాన్ని బిగించాక మొదలవుతుంది. ఏ రోజుల్లో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వెలిగిస్తే చాలు? ఏ రోజు నుంచి మంట ఆరకుండా నడపాలి? కట్టెల ఖర్చు, పొగగొట్టం పరిస్థితి, మన నిద్ర అన్నీ ఈ లెక్క మీదే ఉంటాయి కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లో చెబుతున్నాను. నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర.

మాది కాస్ట్ ఐరన్ స్టవ్, క్యాటలిస్ట్ (తక్కువ వేడిలో కూడా పొగను కాల్చే భాగం) లేని రకం. కట్టెలు పట్టే ఫైర్‌బాక్స్ రెండు ఘనపుటడుగుల పైచిలుకు. 2020 మే నుంచి ఇక్కడ అమ్మే కొత్త స్టవ్‌లు గంటకు 2 గ్రాములకు మించి పొగ రేణువులు వదలకూడదని ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) నిబంధన. మామూలు చీల్చిన కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. అందుకోసం లోపల పైభాగంలో చిల్లులున్న గొట్టాలు పెడతారు. వాటిలోంచి వచ్చే వేడిగాలి, కట్టెల నుంచి లేచిన పొగను కూడా మండిస్తుంది. గాజు తలుపులోంచి చూస్తే మంట కట్టెను తాకకుండా పైనే తేలుతూ ఉంటుంది. ఇదంతా లోపల బాగా వేడెక్కితేనే. స్టవ్‌లోకి గాలి వచ్చే దారి మూసేసి సన్నటి మంట మీద రోజంతా లాగుదామంటే పొగ మండదు, పైకి పోయి గొట్టంలో చల్లబడి తారులా పేరుకుంటుంది. క్రియోసోట్ అంటారు దాన్ని. చిమ్నీలో మంటలు రేగేది చాలావరకు దీనివల్లే.

కాబట్టి 24 గంటలూ మండించడమంటే ఒకసారి పెద్ద మంట, తర్వాత కొన్ని గంటలు నిప్పుల సెగ, మళ్లీ పెద్ద మంట. ఇంటికి అంత వేడి అక్కర్లేని రోజున ఇలా నడిపితే కిటికీలు తెరుచుకుని కూర్చోవాలి. అక్టోబరులో కొత్తగా స్టవ్ కొన్నవాళ్ల ఇళ్లలో ఈ దృశ్యం తరచూ కనిపిస్తుంది.

చాలామంది రాత్రి ఎంత చల్లబడుతుందో చూసి నిర్ణయిస్తారు. నేను చూసేది మర్నాడు మధ్యాహ్నం ఎంతవరకు పెరుగుతుందో. రాత్రి 22కి పడిపోయినా, మధ్యాహ్నం 45 అయ్యి ఎండ కాస్తే పొద్దున ఒక మంట, సాయంత్రం ఒక మంట చాలు. మధ్యలో ఆరిపోయినా గోడలు, నేల పట్టుకున్న వేడి సరిపోతుంది. పగటి గరిష్ఠం 32 దాటని రోజులు రెండు మూడు వరసగా ఉన్నాయంటే మాత్రం ఆరనివ్వను. అప్పుడు రెండు మంటలు ఇచ్చిన వేడి కంటే ఇల్లు పోగొట్టుకునేది ఎక్కువ. ఒకసారి హాలు 58కి దిగిపోయిందంటే మళ్లీ 70కి తేవడానికి సగం రోజు పడుతుంది, ఆ ఎక్కించడంలో కాలే కట్టెలతో ఆరకుండానే నడిపి ఉండొచ్చు. 32కీ 45కీ మధ్య ఉండే రోజులే చిక్కు. వాటికి గాలి, ఎండ చూస్తాను. వాయవ్యం నుంచి ఈదురుగాలి కొడితే మా పాత కిటికీల సందుల్లోంచి చలి దూరుతుంది, 38 ఉన్నా మంట కొనసాగాల్సిందే. అదే ఫిబ్రవరి చివర్లో బయట 30 ఉన్నా, దక్షిణం కిటికీల్లోంచి పడే ఎండకే హాలు వెచ్చబడుతుంది. మొత్తం మీద మా ఇంటికి ఆరని మంట డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా.

బయట 50 దాటితే అసలు ముట్టించను. లోపలికీ బయటికీ వేడి తేడా తక్కువైతే పొగగొట్టం సరిగా లాగదు, తలుపు తీయగానే పొగ హాల్లోకి వస్తుంది, స్మోక్ అలారం ఇల్లంతా లేపుతుంది.

రాత్రి మంట గురించి కాస్త వివరంగా చెప్పాలి. పది గంటలకు ఉన్న నిప్పులన్నీ తలుపు వైపుకు లాగుతాను. వెనక లావుపాటి ఓక్ పేళ్లు మూడు, వాటి పైన సందుల్లో రెండు సన్నవి. గాలి పూర్తిగా తెరిచి పది పదిహేను నిమిషాలు అక్కడే ఉంటాను. పెట్టి పడుకోవడానికి వెళ్లిపోయే పని కాదిది. స్టవ్ పైన ఉన్న థర్మామీటర్ 400 చూపించాక గాలి సగానికి, మళ్లీ కొద్దిసేపటికి పావుకి తగ్గిస్తాను. ముల్లు 600 దాకా పోయి నిలబడుతుంది. పొద్దున ఆరింటికి స్టవ్ 200 దగ్గర ఉంటుంది, పైకి చూస్తే అంతా బూడిదే. నెమ్మదిగా కదిలిస్తే కింద ఎర్రటి కణికలు. సన్నటి యాష్ (బూడిద కాదు, ఓ చెట్టు పేరు) పేడు ఒకటి వేసి గాలి తెరిస్తే అగ్గిపుల్లతో పని లేదు. మొదటి చలికాలంలో మా ఆవిడ పురిటికని మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. నేను రాత్రి నిప్పుల మీది బూడిదంతా తోడేస్తుంటే అత్తగారు చూసి, "నివురు తీసేయకండి బాబూ, అదుంటేనే తెల్లారేదాకా నిప్పు నిలుస్తుంది" అన్నారు. స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో కూడా అంగుళం మందం బూడిద ఉంచమనే ఉంది, కాకపోతే ఆవిడ ముందు చెప్పారు.

విపరీతమైన చలిలో ఇంకో సమస్య వస్తుంది. 2023 ఫిబ్రవరి మొదటి వారంలో మా రాష్ట్రంలోని మౌంట్ వాషింగ్టన్ కొండ మీద ఉష్ణోగ్రత మైనస్ 47కి, గాలితో కలిపి విండ్ చిల్ మైనస్ 108కి పడిపోయింది. మా దగ్గర అంత కాకపోయినా సున్నా కంటే బాగా కిందే. అలాంటప్పుడు వేడి చాలక తొందరపడి కట్టెలు వేస్తూ పోతే ఫైర్‌బాక్స్ సగం నిప్పులతో నిండిపోతుంది, కొత్త కట్టెకు చోటుండదు, ఆ నిప్పులు ఇచ్చే సెగ సరిపోదు. నిప్పుల్ని ముందుకు లాగి, పైన ఒక్క సన్నటి పైన్ ముక్క వేసి, గాలి తెరిచి గంటసేపు వదిలేస్తే తగ్గుతాయి. ఆ రెండు రోజులు బాయిలర్ కూడా పని చేసింది. ఒక్క స్టవ్‌తోనే గట్టెక్కాలన్న పంతం మాకు లేదు.

బాయిలర్ అంటే గుర్తొచ్చింది. ఇంటి వేడి చూసి బాయిలర్‌ను నడిపే మా థర్మోస్టాట్ హాల్లోనే ఉంది. స్టవ్ 24 గంటలూ మండుతుంటే అది "ఇల్లు వెచ్చగానే ఉంది" అనుకుని బాయిలర్‌ను లేపదు. ఉత్తరం గోడల్లో పోయే వేడినీళ్ల పైపుల్లో నీళ్లు కదలవు. మా వీధిలో ఒకరింట్లో ఇలాగే పైపు గడ్డకట్టి పగిలింది. 10 కంటే కిందికి పోయే రాత్రుల్లో నేను రోజుకు కొన్నిసార్లు బాయిలర్ కాసేపు తిరిగేలా పెడతాను. స్టవ్ అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

కట్టెల విషయానికొస్తే, ఇక్కడ కొలత కార్డ్: నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అంటే 128 ఘనపుటడుగులు. ఎర్ర ఓక్ కార్డ్‌లో దాదాపు 2.4 కోట్ల బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది. స్టవ్ అందులో 75 శాతం ఇంట్లోకి ఇచ్చిందనుకుంటే, మామూలు బాయిలర్‌లో 150 గాలన్ల ఆయిల్ కాల్చినంత. ఉదయం, సాయంత్రం మంటలతో సరిపెడితే మాకు చలికాలానికి రెండు కార్డ్‌లు చాలు. ఆరకుండా నడిపితే నాలుగుకి దగ్గరవుతుంది. ఆయిల్ ధర, కట్టెల ధర పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆయిల్ చవకగా ఉన్న ఏడాది డబ్బు మిగులు పెద్దగా ఉండదు.

ఇంకో మాట, "ఆరిన కట్టెలు" అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఒకాయన ఆరినవని చెప్పి ట్రక్కుతో దింపి వెళ్లిన ఓక్‌ని చీల్చి లోపలి ముఖం మీద తేమ మీటర్ పెడితే 30 శాతం చూపించింది. ఉండాల్సింది 20 లోపు. స్టవ్‌లో వేస్తే కొనల్లోంచి నురగ, సుయ్‌మని చప్పుడు, గాజంతా మసి. ఓక్ నిజంగా ఆరాలంటే చీల్చి పేర్చాక రెండేళ్లు. అందుకే ఇప్పుడు మాకు ఎక్కువగా యాష్. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2013లో మా రాష్ట్ర రాజధాని కాంకర్డ్‌లో కనబడింది, అప్పటి నుంచి రాష్ట్రంలో యాష్ చెట్లు వరసగా చచ్చిపోతున్నాయి, ఆ కట్టె కావలసినంత దొరుకుతోంది. యాష్ పచ్చిగా ఉన్నప్పుడే తేమ తక్కువ, త్వరగా ఆరుతుంది. తేమ 20 శాతం లోపున్న కట్టెలు కనీసం మూడు కార్డ్‌లు షెడ్డులో లేకపోతే 24 గంటల మంట ఆలోచన ఆ ఏటికి మానుకోవడమే మంచిది. తడి కట్టెలతో రాత్రంతా మండించడం చిమ్నీతో చెలగాటం.

చిమ్నీ ఏడాదికోసారి శుభ్రం చేయిస్తాం. ఆరని మంట నడిపే ఏడాది జనవరిలో నేనే ఇంకోసారి చూస్తాను. గోధుమరంగు పొడి ఉంటే సరే, నల్లగా నిగనిగలాడుతుంటే మంట ఆపి మనిషిని పిలవాల్సిందే. బూడిద మూతున్న ఇనప బకెట్‌లో, బయట రాతి మీద. అందులో కణికలు రెండు మూడు రోజులైనా బతికే ఉంటాయి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంట్లో మార్పులు కూడా ఉన్నాయి. హాలు 76, పైన పడకగదులు 64. చర్మం ఎండిపోతుంది, స్టవ్ మీద నీళ్ల కెటిల్ పెడతాం గానీ దానితో తీరేది కొంచెమే. లాభం ఏంటంటే, ఆ వారాల్లో ఇడ్లీ పిండి పొంగుతుందా లేదా అన్న టెన్షన్ మా ఇంట్లో లేదు. స్టవ్‌కు ఆరడుగుల దూరంలో గిన్నె పెడితే పొద్దునకు మూత లేస్తుంది. తడి బట్టలూ అక్కడే.

కరెంటు పోయినప్పుడు మాత్రం పై లెక్కలేవీ ఉండవు. 2008 డిసెంబరు ఐస్ స్టార్మ్‌లో (పడిన వాన తాకిన చోటల్లా గడ్డకట్టే తుఫాను) ఈ రాష్ట్రంలో నాలుగు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొందరికి రెండు వారాల దాకా రాలేదు. ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ ఆ కథ చెబుతారు. బాయిలర్‌కు కరెంటు కావాలి, మా స్టవ్‌కు అక్కర్లేదు. కరెంటు పోతే బయట ఎన్ని డిగ్రీలున్నా మంట ఆరనివ్వం.

ఇంట్లో ఇద్దరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లయితే మా సైజు స్టవ్‌తో 24 గంటలూ నడపడం కుదరదు. మాకు ఇంట్లోంచి పని కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు కట్టెలు వేసేవాళ్లుంటారు. మీకు ఆ వీలు లేకపోతే మూడు ఘనపుటడుగుల ఫైర్‌బాక్స్ గానీ, థర్మోస్టాట్ ఉన్న క్యాటలిస్ట్ స్టవ్ గానీ చూడండి. క్యాటలిస్ట్ ఉన్నవి తక్కువ వేడిలో కూడా పొగను శుభ్రంగా కాల్చగలవు, సెప్టెంబరు, ఏప్రిల్ లాంటి నెలల్లో కూడా పనికొస్తాయి. కొన్నేళ్లకు ఆ భాగం మార్చే ఖర్చు మాత్రం ఉంటుంది. మా స్టవ్‌కు అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఫైర్‌బాక్స్ సైజుకే.